పాలకూర మళ్లలో మడ్డి

రెజిమెంటల్ బజార్‌లో, రిచర్డ్ గారి షెడ్డు వెనక, టార్పాలిన్ కింద ఉండవలసిన ఇరవై ఆరు బస్తాలూ లేవని పైడిబాబుకు ఆదివారం సాయంత్రం తెలిసింది. ట్రాలీ ఆటో నడిపే ప్రభుదాస్‌ను నిలదీస్తే అతను దాచకుండా చెప్పేశాడు.

"మల్కాజ్‌గిరిల బాలమ్మ అని, ఆకుకూరలు ఏస్తది సార్. పెద్దసారే చెప్పిండు, పోయిన వారమే ఆడ దింపొచ్చిన. గిది మొదటిసారేం కాదు గద!"

ఆ మాట వినగానే పైడిబాబు మల్కాజ్‌గిరి తొలి బస్సు ఎన్నింటికో కనుక్కున్నాడు. ఎందుకంటే ఆ బస్తాల్లో ఏముందో అందరికంటే బాగా తెలిసినవాడు అతనే.

మురుగునీటిని శుద్ధిచేసే చోట అడుగున నల్లటి మడ్డి దిగుతుంది. ఉదయ్ భాస్కర్ గారి కంపెనీలో చేరిన ఈ ఐదేళ్లూ పైడిబాబు దానితోనే గడిపాడు. దాన్ని క్రిములు చచ్చేదాకా మగ్గబెట్టి, ఎండబెట్టి, ఆమ్లంతో కడిగి, రవ్వలా జల్లించి నీలం డ్రమ్ముల్లో నింపేవాడు. రిచర్డ్ గారి షెడ్డులో రైల్వే బోల్టులకూ నట్లకూ లోహపు పూత పూస్తారు. పూత పూశాక మిగిలే నీళ్లను ఆ డ్రమ్ముల గుండా పంపేవారు. ఆకుపచ్చగా లోపలికి వెళ్లిన నీళ్లు తేటగా బయటికి వచ్చేవి. నికెల్, కాడ్మియం నీళ్లను వదిలిపెట్టి మడ్డిని కరుచుకునేవి. పోయిన బుధవారమే కాలుష్య మండలి నుంచి అధికారులు వచ్చి ఆ నీళ్లను గాజుగ్లాసులో పట్టి, వెలుతురుకు ఎత్తి చూసి, అతని భుజం తట్టి వెళ్లారు.

అయితే నీళ్లు బాగుపడ్డాక విషమంతా మడ్డిలోనే ఉంటుంది. దాన్ని ఊరికి దూరంగా, సిమెంటు గోతుల్లో, వాన చుక్క దిగకుండా పూడ్చాలి. ప్రతి నివేదిక చివరా 'లోహం పట్టిన మడ్డి సురక్షితంగా పూడ్చబడినది' అని పైడిబాబే రాసేవాడు. ఎక్కడ పూడుస్తున్నారో ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు.

అతని భార్య భానుప్రియ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆమె ఆఫీసు వాళ్ల విందులో ఎవరో "మీరేం చేస్తారండీ?" అని అడిగితే, మురుగు అనే మాట నోట రాక "వాటర్ టెక్నాలజీ" అన్నాడు ఒకసారి. ఆ రోజు ఇంటికొచ్చాక సిగ్గుపడ్డాడు. దాన్ని పెద్ద సిగ్గనుకున్నాడు పాపం.

సోమవారం తెల్లవారి ఆరు గంటలకల్లా మల్కాజ్‌గిరి బస్సు దిగాడు.

బాలమ్మ తోట వెతుక్కోనక్కర్లేకపోయింది. రైలు పట్టాల పక్కన, కొత్తగా లేచిన రెండు అపార్ట్‌మెంట్ల మధ్య అర ఎకరం ఖాళీ జాగా. ఎవరో పెద్దమనిషి రేటు పెరిగేదాకా ఆగుదామని కంచె వేసి వదిలేస్తే, కాపలా కాసినందుకు కూలీగా బాలమ్మ అందులో పదకొండేళ్లుగా ఆకుకూరలు వేసుకుంటోంది. పాలకూర, గోంగూర, కొత్తిమీర, ఓ మూల పుదీనా. మళ్లు దువ్వినట్టున్నాయి. ఎవరైనా ఆగి చూసి మెచ్చుకోవలసిన తోటే. పైడిబాబు మాత్రం ఆ పచ్చదనాన్ని చూడలేక చూపు పట్టాల వైపు తిప్పుకున్నాడు.

బాలమ్మ గొంతుక్కూర్చుని పాలకూర కోస్తోంది. అరవై దాటిన మనిషి. నుదుట రూపాయంత బొట్టు, ముంజేతులదాకా మట్టి. అతన్ని చూసి కొడవలి పక్కన పెట్టింది.

"ఎవలు బిడ్డా? కూరకా? జెర ఆగు, తాజాగ కోసిస్త."

"కూరకు కాదమ్మా. ఆ ఎరువు బస్తాల కంపెనీ నుంచి వచ్చాను."

ముసలామె ముఖం విప్పారింది. మోకాళ్ల మీద చేతులాన్చి లేచి నిలబడింది.

"ఎరువు సారువా! మొదలే చెప్పద్దా! కూసో, గా రాయి మీద కూసో. అరె, నీకెన్ని దండాలు పెట్టినా తక్కువే బిడ్డా. ఈడ పేడ దొరకదు, బర్లను సిటీల నుంచి ఎల్లగొట్టిన్రు. మందు సంచులు నేను ఎయ్య. గా నల్లమట్టి ఏసిన కాన్నించి చూడు, ఆకు ఎట్లొచ్చిందో! అరచెయ్యంత!"

ఒక ఆకు తుంచి, కొంగుతో తుడిచి అతని ముందు పట్టింది. పైడిబాబు దాన్ని అందుకుని ఏం చేయాలో తెలియక వేళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నాడు. ఆకుకూరల్లోకెల్లా కాడ్మియాన్ని తొందరగా పీల్చుకునేది పాలకూరేనని అతను ఎప్పుడో చదివిన కాగితం, పేజీతో సహా గుర్తుకొచ్చింది.

బస్సులో వస్తూ ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాడు. అది ఇప్పుడు బయటికి తీశాడు.

"ఆ బస్తాలు కాస్త పాతబడ్డాయమ్మా. ముక్కిపోయి ఉంటాయి. వెనక్కి తీసుకెళ్లి కొత్తవి పంపుదామని..."

"ఇంకేడున్నయి బిడ్డా? మూడున్నయి, అంతే. తక్కినయన్ని మళ్లల్ల కలిపేసిన. ఉగాది అయినంక ఒచ్చినయి సుత కలిపేసిన." ఆమె నవ్వింది. "పాతబడితే ఏమైతది? ఎరువు పాతబడితేనే బలం. నువ్వు సదువుకున్నోనివి, నేను చెప్పాల్నా?"

"అయినా పరీక్ష చేయకుండా వాడటం..."

"పరీక్ష చేసిన కాయిదం ఇచ్చిన్రు గద! ఊకనే ఎట్లేస్త? నేను నూరిండ్లకు కూర పోసేదాన్ని. ఎవలో తెచ్చి దింపితే ఏసుకుంటనా? కాయిదం అడిగిన, ఇచ్చిన్రు. ఉండు."

రేకుల గుడిసెలోకి వెళ్లి ప్లాస్టిక్ సంచి పట్టుకొచ్చింది. అందులో రేషను కార్డు, ఓటరు కార్డు, వాటి మధ్య నాలుగు మడతల కాగితం. కంపెనీ పేరు అచ్చయిన కాగితమది. తెలుగులో టైపు చేసి ఉంది: 'ఇది ఆకుకూరలకు, కూరగాయలకు అనువైన సేంద్రియ ఎరువు. మా ప్రయోగశాలలో పరీక్షించబడినది. ఎటువంటి హాని లేదు.' కింద సంతకం. సంతకం కింద పేరు: కె. పైడిబాబు, ఎం.టెక్., సీనియర్ కెమిస్ట్.

సంతకం అతనిదే. దొంగ సంతకం కాదు. 'బా' మీద దీర్ఘాన్ని లాగి, కింద రెండు చుక్కలు పెట్టే అలవాటు అతనికి పదో తరగతి నుంచీ ఉంది.

మార్చిలో అమ్మకు కంటి ఆపరేషనని అనకాపల్లి బయల్దేరుతున్న రోజు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు వేళవుతోంది. ఉదయ్ భాస్కర్ గారు పది ఖాళీ లెటర్‌హెడ్లు బల్లమీద పరిచి పెన్ను అందించారు. "ఏం రాస్తారు సార్ వీటిమీద?" అని అడిగాడు పైడిబాబు. "ఏవో కవరింగ్ లెటర్లయ్యా. నువ్వు ఊరెళ్లావని పని ఆగకూడదుగా? అన్నట్టు, పేటెంటు దరఖాస్తులో నీ పేరే ముందు పెట్టిస్తున్నా" అన్నారాయన. ఇంకో ప్రశ్న పైడిబాబు నాలిక చివరిదాకా వచ్చింది. పేటెంటు మాట వినగానే అది వెనక్కి పోయింది. పదింటి మీదా సంతకం చేసి, బ్యాగు భుజాన వేసుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగాడు. ఆ మెట్ల మీద తనెంత హుషారుగా దిగాడో ఇప్పుడు తలచుకుంటే ఒంటిమీద బట్టలు లేనట్టనిపించింది.

"గా పేరు సారు చానా మంచోడంట," అంది బాలమ్మ కాగితం మళ్లీ మడతపెడుతూ. "ఆటో ఆయన చెప్పిండు. నీకు తెలుసా ఆయన?"

పైడిబాబు తల ఊపాడు. ఔననో కాదనో అతనికే తెలియని ఊపు.

ఆమె చాయ్ పెట్టి ఇచ్చింది. వద్దన్నా వినకుండా నాలుగు కట్టల పాలకూర పాత న్యూస్‌పేపరులో చుట్టి ఒళ్లో పెట్టింది. "నీ పెండ్లానికియ్యి. పప్పుల ఎయ్యమను. మూడు బస్తాలు కావాల్నంటే తీస్కపోతవో, లేదంటే ఇడిసిపెడ్తవో నీ ఇష్టం."

"ఆటో పంపిస్తానమ్మా," అని లేచాడు.

సందు మలుపుదాకా నడిచాడు. ఆఫీసుకెళ్లి ఉదయ్ భాస్కర్ గారితో తేల్చుకుందాం, రాతపూర్వకంగా అడుగుదాం, మట్టి నమూనా తీసి పరీక్ష చేద్దాం, ఫలితం వచ్చాక చూద్దాం... ఒక్కో అడుగుకు ఒక్కో ఉపాయం తోచింది. ప్రతి ఉపాయంలోనూ బాలమ్మకు నిజం చెప్పడం ఇంకొక వారం వెనక్కి పోతోంది.

మలుపు దగ్గర నైటీ మీద తువ్వాలు కప్పుకున్న ఒకావిడ గేటు తీసుకుని బయటికొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ బుట్ట.

"బాలమ్మ పాలకూరే కదండీ అది? అయిపోయిందా, ఇంకా ఉందా?"

"ఉందండీ," అన్నాడు పైడిబాబు.

ఆవిడ గబగబా తోట వైపు నడిచింది.

అతను రెండడుగులు వేసి ఆగిపోయాడు. సంతకాలు చేసిన రోజు తెలియదని ఎవరికైనా చెప్పుకోవచ్చు. రేపు తనకు తాను కూడా చెప్పుకోవచ్చు. ఈ 'ఉందండీ'కి మాత్రం ఏ సాకూ లేదు. అన్నీ తెలిసి, అడిగిన మనిషిని, ఇప్పుడే, తన నోటితోనే పంపించాడు. వెనక్కి తిరిగి పరుగెత్తాడు. పొట్లం చేతిలోంచి జారి విప్పుకుంటుంటే గుండెకు అదుముకుని మరీ పరుగెత్తాడు.

ఆవిడ అప్పటికే బుట్ట ముందుకు చాపి నిలబడి ఉంది.

"ఇవ్వకండి బాలమ్మా!" రొప్పుతూ అరిచాడు. "వద్దు. ఎవరికీ ఇవ్వకండి. ఆ ఆకు తినకూడదు."

ఇద్దరూ అతన్ని ఎగాదిగా చూశారు.

"ఏమైంది బిడ్డా? పాము గిట్ల కనబడ్డదా?"

"ఆ బస్తాల్లో ఉన్నది ఎరువు కాదమ్మా. మురుగు మడ్డి. ఒట్టి మడ్డయితే పంటకు మంచిదే. కానీ దాంతో మేం పూత కార్ఖానా నీళ్లు వడకట్టాం. ఆ నీళ్లలోని విషమంతా ఆ మడ్డికి పట్టి ఉంది. అదిప్పుడు మీ మట్టిలో ఉంది. మట్టిలోంచి ఆకులోకి వస్తుంది. ఒక్కరోజు తింటే ఏమీ కాదు, కంగారుపడకండి. కానీ నెలల తరబడి తింటే మూత్రపిండాల్లో చేరి అక్కడే ఉండిపోతుంది. ఎముకలూ గుల్లబారతాయి."

బాలమ్మ చేతిలోని కట్టను తిరిగి గంపలో పెట్టేసింది. బుట్ట పట్టుకున్నావిడ "అయ్యో రామ, మేం రోజూ ఇదే కదండీ..." అంటూ గేటు వైపు వెళ్లిపోయింది.

"మల్ల కాయిదం?" అంది బాలమ్మ.

"అది అబద్ధం."

"సంతకం పెట్టినోడు అబద్ధం పెట్టిండా?"

"ఆ సంతకం నాదేనమ్మా. పైడిబాబు నేనే."

ఆమె అతన్ని కొత్తగా చూసింది. కోపం వచ్చి ఉంటే బాగుండేది. ముసలామె కళ్లలో కనబడింది ఒక రకమైన బిడియం. రాయి మీద కూర్చోబెట్టి చాయ్ పోసిన చేతుల్ని తనే కొంగులో దాచుకుంది, తప్పేదో తాను చేసినట్టు. అది చూసి పైడిబాబు తల దించుకున్నాడు.

"గా కార్ఖాన నీళ్లల్ల నుంచి విషం తీసినవ్," అంది నెమ్మదిగా. "తీసి నా మట్టిల ఏసినవ్. గంతే కదా సారూ?"

సారూ. ఇందాకటి దాకా బిడ్డా.

"అంతేనమ్మా."

"మల్ల నీళ్లలనే ఉంచకపోయినవ్! గది ఏ మోరీలనో పోవు."

మోరీలో పోయిన విషం మూసీలో కలుస్తుంది, మూసీ నీళ్లతో ఇంకెవరో కూర పండిస్తారు, అందుకే ఈ పని మొదలుపెట్టాడు. అది ఆమెకు చెప్పే హక్కు తనకిప్పుడు లేదనిపించింది.

బాలమ్మ వంగి, కోసి పెట్టిన కట్టలన్నీ గంపలోంచి తీసి నేలమీద గుమ్మరించింది. కాలితో తొక్కబోయి, ఆగి, తొక్కలేక పక్కకు జరిగింది. కళ్లు తుడుచుకుంది. ఖాళీ గంప చంకన పెట్టుకుంది.

"నడువు."

"ఎక్కడికి?"

"ఇండ్లల్లకు. రోజు ఏడు గంటలకు నా గంప కోసం తలుపులు తీస్తరు. పోయి చెప్పాలె. నేను చెప్తే ముసల్దానికి మతి పోయిందంటరు. చదువుకున్నోనివి నువ్వు చెప్పు."

"ఆఫీసులో మాట్లాడి, పేపర్లో ప్రకటన లాంటిది..."

"పేపర్ల ఎవల్ జదువుతరు సారూ? నా దగ్గర కొన్నోళ్లకు నా మొకం తెలుసు. నా మొకం పక్కన నీ మొకం ఉండాలె. నడువు."

మొదటి ఇల్లు ఒక రిటైర్డు గార్డు గారిది. "కంపెనీలో చిన్న పొరపాటు జరిగిందండీ..." అని పైడిబాబు మొదలుపెట్టాడు. బాలమ్మ పక్కనుంచి అడ్డం తగిలింది. "కంపెనీ ఏడుంటది? కంపెనీకి చేతులుంటయా? నీ పేరు చెప్పు సారూ."

చెప్పాడు. "నా పేరు పైడిబాబు. పరీక్ష చేశామని, హాని లేదని సంతకం పెట్టింది నేను. పరీక్ష చేయలేదు. బాలమ్మ తప్పు ఏమీ లేదు. ఆమె దగ్గర కొన్న ఆకుకూరేదైనా ఉంటే పారేయండి. ఉగాది తర్వాత నుంచి తింటున్నారు గనుక డాక్టరుకు చెప్పి మూత్ర పరీక్ష చేయించుకోండి. పరీక్ష పేరు ఇదీ." చీటీ మీద రాసిచ్చాడు. గార్డు గారు కళ్లజోడు పెట్టుకుని చీటీని రెండుసార్లు చదివి, "చదువుకున్నవాడివి కదయ్యా?" అన్నారు. అంతే. తిట్టి ఉంటే తేలిక.

రెండో ఇంట్లో తిట్టారు కూడా. లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన చొక్కా పట్టుకుని గుంజాడు. గుండీ ఒకటి తెగి కింద పడింది. మూడో ఇంటావిడ లోపలికి వెళ్లి, ఫ్రిజ్‌లోంచి పాలకూర పప్పు గిన్నె తెచ్చి, అతని చేతిలోనే పెట్టి తలుపేసుకుంది. ఆ గిన్నెను ఏం చేయాలో తోచక మూడు ఇళ్లు మోసుకు తిరిగి చివరికి చెత్తకుండీలో ఒంపి, గిన్నె తెచ్చి ఆ గుమ్మంలో పెట్టాడు.

తొమ్మిదో ఇంటికీ పదో ఇంటికీ మధ్య సెల్‌ఫోన్ మోగింది. ఉదయ్ భాస్కర్ గారు.

"ఎక్కడున్నావయ్యా? రేపు ఢిల్లీ నుంచి వాళ్లొస్తున్నారు, డ్రమ్ములు శుభ్రం చేయించాలి."

"మల్కాజ్‌గిరిలో ఉన్నాను సార్. బాలమ్మ గారి తోట దగ్గర."

అవతల గొంతు మెత్తబడింది.

"చూడు, తొందరపడకు. మట్టి మార్పించేద్దాం. ఆవిడకు ఏం కావాలో చూద్దాం. నోరు మాత్రం విప్పకు."

"తొమ్మిది ఇళ్లల్లో చెప్పేశాను సార్."

"బుద్ధుందా? ఆ కాగితం మీద సంతకం ఎవరిదో తెలుసా? నాది కాదు. పోలీసులొస్తే నేను వెళ్లను, నువ్వెళ్తావ్. మీ ఆవిడకు ఏం చెప్తావో అది కూడా ఆలోచించుకో."

"నా సంతకమే సార్. అందుకే చెప్తున్నాను," అన్నాడు పైడిబాబు. ధైర్యంగా అన్నానని తర్వాత అనుకోవడానికి కూడా వీల్లేనంత మెల్లగా వచ్చింది మాట. ఫోను కట్టేసి జేబులో వేసుకునేసరికి బాలమ్మ అతన్నే చూస్తోంది. గంప చంక మార్చుకుని "ఇంకా చానా ఇండ్లున్నయి," అంది.

తొమ్మిది కావస్తుండగా సందు చివర చిన్న పెంకుటిల్లు దగ్గరికి వచ్చారు. కాటన్ చీర కట్టుకుని, భుజాన సంచి, చేతిలో టిఫిన్ డబ్బాతో ఒకావిడ తాళం వేస్తోంది.

"ప్రేమమణి టీచరు," అని బాలమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "సర్కారు బడిల చెప్తది."

పైడిబాబు చెప్పవలసింది చెప్పాడు. పదిహేను గుమ్మాల్లో చెప్పాక మాటలు అరిగిపోతాయనుకున్నాడు గానీ, ప్రతిసారీ మొదటి మాట దగ్గర అంతే కష్టమైంది. "నా పేరు పైడిబాబు..."

ప్రేమమణి తాళం చేయి తిప్పడం ఆపేసింది.

"ఏం పేరన్నారు?"

"పైడిబాబు."

"కె. పైడిబాబు? ఎం.టెక్.?"

"మీకెలా తెలుసు?"

"మా బడిల అందరికీ తెలుసు సార్." ఆమె గొంతులో ఇంకా భయం రాలేదు, అయోమయమే ఉంది. "జూన్‌ల బడి తెరిచినప్పుడు మీ కంపెనీ వాళ్లు బస్తాలు పంపిన్రు కదా, పిల్లల తోటకని. కాగితం సుత పంపిన్రు. బడి వెనక పిల్లలే మళ్లు ఏసిన్రు. టమాట ఇంకా రాలే. పాలకూర మస్తు ఒచ్చింది. మధ్యాహ్నం పప్పులకు ఇప్పుడు బయట కొంటనే లేం."

బాలమ్మ చేతిలోని గంప కింద పడింది.

"ఈ రోజు... పప్పు..." అన్నాడు పైడిబాబు.

"సోమారం కదా. పాలకూర పప్పే. ప్రార్థన అయినంక ఐదో తరగతి పిల్లలు కోసిస్తరు." అంతవరకు చెప్పి, చెప్పినదేమిటో ఆమెకే అర్థమై, టిఫిన్ డబ్బా గుండెకు హత్తుకుంది. "ఎంతమంది తింటరో తెలుసా సార్? మూడు వందల పన్నెండు మంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చేటోళ్లే సగం మంది. మా గౌస్ అనే పోరడు రెండోసారి అడిగి మరీ పెట్టించుకుంటడు."

ముగ్గురూ పరుగులాంటి నడకతో వెళ్లారు. బాలమ్మ అందరికంటే ముందుంది.

బడి ఎంతో దూరం లేదు. గేటు దాటగానే వేపచెట్టు కింద వరసలు కట్టిన పిల్లలు, నీలం లాగూలూ తెల్లచొక్కాలూ, చెవులు పగిలేలా ప్రార్థన. పక్క గోడమీద పచ్చరంగు బోర్డు, తెల్ల అక్షరాలు ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి: 'మా తోటకు ఎరువు దానం చేసిన దాత శ్రీ కె. పైడిబాబు గారికి విద్యార్థుల కృతజ్ఞతలు.' అక్షరాల చుట్టూ ఎవరో పసిచేత్తో ఆకుల దండ వేశారు. ఉదయ్ భాస్కర్ గారు పేరు ఇవ్వవలసి వచ్చినప్పుడు తన పేరు కాక పైడిబాబు పేరే ఇచ్చారన్నమాట. ఎక్కడైనా అంతే.

ప్రార్థన ముగిసింది. ప్రేమమణి పరుగున వెళ్లి హెడ్మాస్టరు చెవి దగ్గర వంగింది.

"సార్, ఈయన పైడిబాబు గారు. ఒక మాట వెంటనే..."

ఆయన అంతకుమించి విననేలేదు. బట్టతల, తెల్లటి జుబ్బా, మనసులో ఏదీ దాచుకోలేని ముఖం. రెండు చేతులూ చాపి ఎదురొచ్చి పైడిబాబు చేయి పట్టుకున్నారు.

"మీరేనా! కబురు లేదు, ఏం లేదు! ఎన్నిసార్లు మీ ఆఫీసుకు ఫోన్ చేసినమో తెలుసా, ఒక్కసారి ఒచ్చి పిల్లలకు కనబడుమని!"

"అయ్యా, ముందు నా మాట..."

"చెబుదురు గాని, చెబుదురు గాని. ముందు పిల్లలు చూడాలె గద!" చేయి వదలకుండానే అరుగు మీదికి లాక్కెళ్లి మైకు అందుకున్నారు. "పిల్లలూ! మన తోటకు ఎరువిచ్చిన దాత పైడిబాబు గారు మన బడికి ఒచ్చిన్రు! అందరు గట్టిగా చప్పట్లు కొట్టుండ్రి!"

మూడు వందల జతల చేతులు ఒక్కసారి మోగాయి. ముందు వరసలో మోకాళ్లదాకా మట్టి అంటిన ఐదో తరగతి పిల్లలు, కోతకు తెచ్చుకున్న బుట్టల్ని కింద పెట్టి మరీ కొట్టారు. ఒకడు ఈల వేయబోయి టీచరును చూసి ఆపేశాడు. అరుగు కింద బాలమ్మ, తల మీద కొంగు లాక్కుని, అతన్నే చూస్తూ నిలబడింది. బడి వెనకనుంచి అప్పుడే వంట పొయ్యి పొగ లేస్తోంది.

చప్పట్లు ఎంతకూ ఆగవే!

చివరికి ఆగాయి. హెడ్మాస్టరు నవ్వుతూ మైకు తెచ్చి పైడిబాబు చేతిలో పెట్టారు.